ఇంటిపై సోలార్: ఎన్ని కిలోవాట్లు పెట్టాలి, ఎంత ఖర్చవుతుంది, ఏ పని ముందు చేయాలి

సోలార్ పెట్టించుకోవాలనుకునేవారిలో చాలామంది ముందుగా అమ్మకందారుకు ఫోన్ చేసి మూడు కిలోవాట్లకు ఎంతవుతుందని అడుగుతారు. అలా అడిగితే మూడు కిలోవాట్ల ధరే చెబుతారు తప్ప మీ ఇంటికి రెండు చాలునేమో అన్న మాట ఎవరూ ఎత్తరు. ఆ సంగతి చెప్పగలిగింది మీ కరెంటు బిల్లు ఒక్కటే. "మీ బిల్లు సున్నా చేస్తాం" అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, బిల్లును సున్నాకు తేవడం కోసం పెట్టే చివరి కిలోవాట్ మీద డబ్బు తిరిగి రావడానికి, మొదటి కిలోవాట్‌తో పోలిస్తే రెట్టింపుకు మించిన కాలం పడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత ఇల్లు, సొంత డాబా ఉన్న కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని, ఈ పనిని ఏ వరుసలో చేసుకుంటే డబ్బు వృథా కాకుండా ఉంటుందో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట పన్నెండు నెలల బిల్లులు తీయండి

మే నెల బిల్లు చూసి కంగారుపడి సోలార్ కొనకండి. ఏసీ నడిచే మూడు నెలల వాడకానికీ మిగతా తొమ్మిది నెలల వాడకానికీ చాలా ఇళ్లలో పొంతన ఉండదు. మీ డిస్కం, అంటే మీకు కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ, వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ సర్వీస్ నంబరు కొడితే గత ఏడాది బిల్లులు కనిపిస్తాయి. ఒక్కో నెలకు ఎన్ని యూనిట్లు వాడారో కాగితం మీద రాసుకుని, మొత్తాన్ని పన్నెండుతో భాగించండి. రాసుకోవలసింది యూనిట్లనే గానీ రూపాయలను కాదు, ఎందుకంటే ట్రూఅప్, ఇంధన సర్దుబాటు వంటి పద్దులు కలిసినప్పుడు రూపాయల అంకె వాడకం ఎంతో సరిగ్గా చూపించదు.

ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన రాష్ట్రాల ఎండకు ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్లు ఇస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అంతకన్నా ఎక్కువ వస్తుంది. జులై, ఆగస్టు మబ్బుల్లో బాగా తగ్గుతుంది. ఎండలు మండిపోయే మే నెలలో ఉత్పత్తి ఆకాశానికంటుతుందనుకోవడం మాత్రం పొరపాటు. ప్యానెల్ సామర్థ్యాన్ని కొలిచేది దాని లోపలి ఘటాలు (సెల్స్) 25 డిగ్రీల వేడి వద్ద ఉన్నప్పుడు. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ రకాన్ని బట్టి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. విజయవాడలో బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీల దాకా వేడెక్కితే, దాని శక్తిలో ఎనిమిదో వంతు నుంచి ఆరో వంతు దాకా ఆ వేడికే పోతుంది.

శ్లాబుల లెక్క: అన్ని కిలోవాట్లకూ ఒకే విలువ ఉండదు

ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే మీ నిర్ణయమంతా ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. 2022-23 టారిఫ్ ఆదేశంతో వచ్చి తర్వాతి సంవత్సరాల్లోనూ కొనసాగిన ధరల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. నెట్ మీటరు ఉన్న ఇంటికి, గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి గ్రిడ్‌కు పంపిన యూనిట్లు తీసివేసి మిగిలిన వాటికే బిల్లు వేస్తారు. అందువల్ల సోలార్ యూనిట్లు ముందుగా మీ బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన యూనిట్లను తొలగిస్తాయి, ఆ తర్వాతే చవక యూనిట్ల దగ్గరికి వస్తాయి.

నెలకు 350 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం, సర్దుబాట్లు పక్కన పెడితే ఆంధ్రప్రదేశ్ ధరల్లో వినియోగ చార్జీ 2,111 రూపాయలు అవుతుంది. ఒక కిలోవాట్ పెడితే తగ్గే 120 యూనిట్లూ 8.75 రూపాయల శ్లాబులోవే కాబట్టి నెలకు 1,050 రూపాయలు మిగులుతాయి. రెండో కిలోవాట్ తీసేసేవి ఎక్కువగా 6 రూపాయల యూనిట్లు. వాటితో మిగిలేది 711 రూపాయలు. మూడో కిలోవాట్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఇంకా 110 యూనిట్లే ఉంటాయి, అవీ అడుగు శ్లాబులవే, కాబట్టి దానివల్ల మిగిలేది నెలకు 350 రూపాయలు మాత్రమే. ఒకే ధర పెట్టి కొన్న మూడు కిలోవాట్లలో మూడోది మొదటిదాని సంపాదనలో మూడో వంతే సంపాదిస్తోందన్నమాట.

తెలంగాణలో లెక్క మరో తీరుగా నడుస్తుంది. అక్కడ 100 యూనిట్లలోపు వాడేవారికి మొదటి 50 యూనిట్లు 1.95, తర్వాతి 50 యూనిట్లు 3.10 రూపాయలు. వాడకం 100 దాటి 200లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటితే మొదటి రెండు వందల యూనిట్లకూ 5.10 వంతున పడుతుంది, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9, 800 వరకు 9.50, ఆ పైన 10 రూపాయలు. అంటే హద్దు దాటిన యూనిట్‌కే కాక దాని కింద ఉన్న యూనిట్లకు కూడా ధర మారిపోతుంది. సరిగ్గా 200 యూనిట్లకు వినియోగ చార్జీ 820 రూపాయలైతే 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైమాటే. అదే 350 యూనిట్ల ఇల్లు హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో ఉంటే, 2,240 రూపాయల చార్జీలో మొదటి కిలోవాట్ 989, రెండోది 863, మూడోది 388 రూపాయలు తగ్గిస్తాయి. రెండు కిలోవాట్లు పెట్టిన తర్వాత మిగిలే 110 యూనిట్లలో ఇంకో పది యూనిట్లు పొదుపుగా వాడి తగ్గించుకోగలిగితే చార్జీ 388 నుంచి 252 రూపాయలకు దిగుతుంది. పాత ఫ్యాన్లు రెండు మార్చితే అయ్యే ఆ పనికి మరో కిలోవాట్ అక్కర్లేదు.

మూడో కిలోవాట్ దండగని నేను అనడం లేదు. రాబోయే ఏడాది రెండేళ్లలో ఇంకో ఏసీ గానీ, ఎలక్ట్రిక్ స్కూటర్ గానీ, ఇండక్షన్ పొయ్యి గానీ కొనే ఆలోచన ఖాయంగా ఉంటే అది తప్పక పనికివస్తుంది. ఆ ఆలోచన లేనప్పుడు మాత్రం, నెలకు 300 యూనిట్ల వరకు వాడే ఇంటికి రెండు కిలోవాట్లే సరైన పరిమాణమని నా అభిప్రాయం. మిగులు కరెంటు అమ్ముకుని లాభం చేసుకోవచ్చన్న ఆశతో పెద్ద ప్లాంటు పెట్టకండి. మిగిలిన యూనిట్లు తర్వాతి బిల్లులకు జమ అయినా, గడువు చివర లెక్క తేల్చేటప్పుడు డిస్కం చెల్లించే ధర మీరు పై శ్లాబుల్లో కట్టే ధరకు చాలా తక్కువగా ఉంటుంది.

నెలకు 150 యూనిట్లు కూడా దాటని ఇంటివారికి తొందర అక్కర్లేదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితంగా పొందుతున్న కుటుంబం సొంత డబ్బు పెట్టి సోలార్ కొంటే తగ్గించుకోవడానికి బిల్లే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా ఏర్పాటు చేసే కార్యక్రమం, బీసీ కుటుంబాలకు కేంద్ర రాయితీకి తోడు రెండు కిలోవాట్లకు 20,000 రూపాయల అదనపు సాయం ప్రభుత్వం ప్రకటించింది. ఆ వర్గాల వారు అమ్మకందారు దగ్గరికి వెళ్లేముందు తమ ఊరి విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) కార్యాలయంలో విచారించడం మంచిది.

ఖర్చు, రాయితీ, అప్పు

2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకున్న పథకం. 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు దీని అమలు ఉంటుంది. దీని కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల వంతున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు ఇస్తారు. మూడు కిలోవాట్లకు మొత్తం 78,000. మీరు ఐదు పెట్టినా పది పెట్టినా అంతకు మించి రాదు. అంటే శ్లాబులు ఏ మాట చెబుతున్నాయో రాయితీ కూడా అదే చెబుతోంది, మొదటి రెండు కిలోవాట్లకు ఉన్న ఊతం ఆ తర్వాత వాటికి లేదు.

కేంద్ర రాయితీ రావాలంటే ఘటాలూ ప్యానెళ్లూ రెండూ మన దేశంలో తయారైనవే కావాలి. బజారులో వీటిని డీసీఆర్ ప్యానెళ్లంటారు. విదేశీ ఘటాలతో చేసిన ప్యానెళ్లకన్నా ఇవి ఖరీదు, అందుకే పక్క వీధిలో ఎవరో తక్కువకు పెట్టించుకున్నారని విన్నప్పుడు అవి డీసీఆర్‌వా కావా అని అడిగిన తర్వాతే పోల్చుకోండి. డీసీఆర్ ప్యానెళ్లతో బిగింపు అంతా కలిపి కిలోవాట్‌కు సుమారు 60 నుంచి 70 వేల రూపాయలు అనుకుని లెక్క వేసుకోవచ్చు. ఒక్క కిలోవాట్ మాత్రమే పెడితే ఈ సగటు పెరుగుతుంది, ఎందుకంటే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు, ఎర్తింగు, కూలీ వంటి ఖర్చులు ప్లాంటు చిన్నదైనా పెద్దగా తగ్గవు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామగ్రిపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిగింపు సేవను కలిపి వేసే పద్ధతిలో, అంటే విలువలో 70 శాతాన్ని సామగ్రిగా, 30 శాతాన్ని 18 శాతం పన్ను పడే సేవగా చూసినప్పుడు, మొత్తం మీద పన్ను 8.9 శాతం అవుతుంది. ఎవరైనా పాత లెక్కన 13.8 శాతం వేసి కోటేషన్ ఇస్తే ఆ సంగతి వారికి చెప్పి మార్పించుకోండి.

కిలోవాట్ 65,000 రూపాయల వంతున మూడు కిలోవాట్ల ప్లాంటు 1,95,000 అవుతుంది. రాయితీ పోను మీ చేతి ఖర్చు 1,17,000. ఇంతకుముందు చూసిన 350 యూనిట్ల ఇంట్లో ఏడాదికి మిగిలేది సుమారు 25 నుంచి 27 వేలు కాబట్టి నాలుగున్నరేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందని అమ్మకందారు చెబితే అది అబద్ధం కాదు. కానీ ఆ సగటును విప్పి చూడాలి. మొదటి కిలోవాట్ మూడేళ్లలోనే తన ఖరీదు తెచ్చిపెడుతుంది, రెండోదానికి నాలుగేళ్లు పడుతుంది. మూడోదానికి, ఇన్వర్టరు వంటి ఖర్చులు ముందే పెట్టేశాం కాబట్టి అదనంగా అయ్యేది తక్కువేనని లెక్కవేసినా, ఏడేళ్లకు తక్కువ పట్టదు.

రాయితీ ముందుగా రాదన్నది గుర్తుంచుకోండి. మొత్తం డబ్బు మీరు కట్టాలి; పని పూర్తయి, నెట్ మీటరు బిగించి, డిస్కం ధ్రువీకరించిన తర్వాత రాయితీ నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. చేతిలో అంత సొమ్ము లేనివారికి ఈ పథకం కింద మూడు కిలోవాట్ల వరకు 2 లక్షల రూపాయల లోపు అప్పును ప్రభుత్వ రంగ బ్యాంకులు తాకట్టు లేకుండా, రెపో రేటుకు అర శాతం అటూఇటూగా కలిపిన వడ్డీకి ఇస్తున్నాయి. 6 శాతం వడ్డీకి పదేళ్ల గడువు పెట్టుకుంటే లక్ష రూపాయలకు నెలవారీ వాయిదా సుమారు 1,110 రూపాయలు. పై ఉదాహరణలోని ఇంటికి బిల్లులో మిగిలేది దానికన్నా ఎక్కువే కాబట్టి అప్పు భారం కాదు. రాయితీ ఖాతాలో పడగానే దాన్ని అప్పులోకి జమ చేయించి అసలు తగ్గించుకోండి.

డాబా ఎక్కి నీడ చూడండి

ఒక కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల, నీడ పడని చోటు కావాలి. ఇప్పుడు వస్తున్న 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది, బరువు 28 కిలోల పైచిలుకు. అలాంటివి ఆరు పెడితే మూడు కిలోవాట్లు దాటుతుంది. ప్యానెళ్లు దక్షిణానికి ముఖం పెట్టి, మీ ఊరి అక్షాంశానికి దగ్గరగా వాలి ఉండాలి. తిరుపతిలో 13, 14 డిగ్రీలు, విజయవాడలో 16, 17, హైదరాబాద్‌లో 17, ఆదిలాబాద్‌లో 19, 20 డిగ్రీలు. ఒకటి రెండు డిగ్రీల తేడాకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఇంటి దిశ వల్ల తూర్పుకో పడమరకో తిప్పవలసి వస్తే ఉత్పత్తి కొంత తగ్గుతుంది, అంతమాత్రాన పని మానుకోనక్కర్లేదు.

నీడ విషయంలో మాత్రం రాజీ పడకండి. సాధారణ ఇన్వర్టరుకు ప్యానెళ్లన్నీ ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉంటాయి, కాబట్టి ఒక ప్యానెల్ మీద పడిన నీడ ఆ ఒక్కదానితో ఆగదు, వరుస మొత్తం ఉత్పత్తిని తగ్గిస్తుంది. ప్యానెల్ వెనక ఉండే బైపాస్ డయోడ్లు ఈ నష్టాన్ని కొంత ఆపినా పూర్తిగా ఆపలేవు. డాబా మీద మెట్ల గది, దానిపైన నీళ్ల ట్యాంకు, దక్షిణం వైపు పక్కింటి పై అంతస్తు, కొబ్బరిచెట్టు, డిష్ యాంటెన్నా, పిట్టగోడ, వీటన్నిటి నీడా చూసుకోవాలి.

ఎక్కువమంది ఈ పరీక్ష తప్పు కాలంలో చేస్తారు. మే నెల రెండో సగం నుంచి జులై చివరి దాకా మన ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు. దక్షిణం వైపున్న ట్యాంకు నీడ అప్పుడు ఉత్తరానికి రానే రాదు. అప్పుడు చూసి నీడ లేదని ప్యానెళ్లు పెట్టించుకున్నవారికి డిసెంబరులో అసలు సంగతి తెలుస్తుంది. డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. పది అడుగుల ఎత్తున్న మెట్ల గది నీడ ఆ వేళ ఎనిమిదిన్నర అడుగుల దూరం ఉత్తరానికి పరుచుకుంటుంది. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకు అది ఇంకా పొడుగ్గా సాగుతుంది. వీలైతే డిసెంబరు, జనవరి నెలల్లో ఒక ఆదివారం ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడున్నరకు డాబా ఎక్కి నీడ అంచు వెంట సుద్దముక్కతో గీతలు గీయండి. మూడుసార్లూ నీడ పడని చోటే మీ ప్యానెళ్ల చోటు. అప్పటిదాకా ఆగలేకపోతే, అడ్డుగా ఉన్న వస్తువు ఎంత ఎత్తుందో దానికి రెట్టింపు దూరం ఉత్తరం వైపు వదిలేయండి. దక్షిణాన పక్క స్థలం ఖాళీగా ఉంటే, అక్కడ రేపు అంతస్తులు లేచే అవకాశం ఉందా అన్నది కూడా ఆలోచించుకోవలసిందే.

డాబా కారుతుంటే ముందు దాన్ని బాగు చేయించండి. పాతికేళ్లు ఉండే ప్యానెళ్ల కిందకు దూరి వాటర్‌ప్రూఫింగ్ చేయించడం చాలా కష్టమైన పని. బట్టలు ఆరేసుకోవడానికీ వడియాలు పెట్టుకోవడానికీ డాబా కావాలనుకునేవారు ఆరేడు అడుగుల ఎత్తున ఫ్రేమ్ వేయిస్తున్నారు. దానికి అదనంగా ఇనుము, అదనంగా డబ్బు అవుతాయి, ఎత్తు పెరిగినకొద్దీ గాలి తాకిడీ పెరుగుతుంది. భారత ప్రమాణాల ప్రకారం కట్టడాలకు లెక్కలోకి తీసుకోవలసిన గాలి వేగం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లైతే విజయవాడ, విశాఖపట్నాల్లో 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014లో హుద్‌హుద్‌ను చూసిన విశాఖవాసులకు ఈ అంకెను వేరే వివరించనవసరం లేదు. కోస్తాలో ఉండేవారు వేడి జింకు పూత పూసిన ఫ్రేమే కావాలని, కాంక్రీటు దిమ్మెలు ఎంత బరువో, యాంకర్లు ఎంత లోతుకు దిగుతాయో, ఏ గాలి వేగానికి లెక్క కట్టారో కాగితం మీద రాసి ఇవ్వమని అడగాలి. సముద్రానికి దగ్గరైతే ప్యానెళ్లకు ఉప్పుగాలి తట్టుకునే పరీక్ష జరిగిందో లేదో కూడా అడగండి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది

రాయితీతో సాధారణంగా పెట్టేది ఆన్‌గ్రిడ్ ప్లాంటు, దానికి బ్యాటరీ ఉండదు. వీధిలో కరెంటు పోగానే, ఎండ ఎంత కాస్తున్నా మీ ప్లాంటు కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి వెళ్లిన కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు. ఇంట్లో ఇప్పటికే కరెంటు కోతల కోసం పెట్టుకున్న ఇన్వర్టరు, ట్యూబులర్ బ్యాటరీ ఉంటే అవి ఎప్పటిలాగే పనిచేస్తాయి, వాటిని తీసేయనక్కర్లేదు. రోజూ గంటల తరబడి కోతలుండే ఊళ్లో ఉంటేనో, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడే మనిషి ఉంటేనో బ్యాటరీతో కూడా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ గురించి ఆలోచించండి. రాత్రివేళ సోలార్ కరెంటు వాడుకోవాలన్న కోరిక ఒక్కటే అయితే బ్యాటరీ అవసరం లేదు, ఎందుకంటే పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్‌ను రాత్రి తిరిగి తీసుకునే వీలు నెట్ మీటరు ఇస్తోంది.

దరఖాస్తు వరుస

అన్నిటికన్నా ముందు కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో చూడండి. చనిపోయిన తండ్రిగారి పేరునో, ఇల్లు అమ్మినవారి పేరునో ఇంకా బిల్లు వస్తుంటే పేరు మార్పు దరఖాస్తు ముందు పెట్టుకోండి. బిల్లులో పేరు, ఆధార్‌లో పేరు, రాయితీ పడవలసిన బ్యాంకు ఖాతాలో పేరు ఒకరివే అయి ఉండాలి; ఇంటిపేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పూర్తిగా ఉన్నా పని ఆగిపోయే ప్రమాదముంది. పాత బకాయిలుంటే కట్టేయండి.

తర్వాత సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం, సర్వీస్ నంబరు, ఫోన్ నంబరు ఇచ్చి నమోదు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ కేంద్రంగా ఉన్న ఈపీడీసీఎల్, విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్, తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్, తెలంగాణలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్, వరంగల్ కేంద్రంగా ఉన్న ఎన్పీడీసీఎల్ ఉన్నాయి. మీది ఏదో బిల్లు మీదే రాసి ఉంటుంది. ఈ నమోదు మీ ఫోన్ నంబరుతో, మీ చేతులతోనే చేయండి. అమ్మకందారు తన నంబరుతో చేస్తే ఓటీపీలన్నీ ఆయనకే వెళతాయి, పని ఎంతవరకు వచ్చిందో మీకు తెలిసే దారి ఉండదు.

2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం 10 కిలోవాట్ల వరకు వచ్చే దరఖాస్తులను సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు భావించాలి, అందుకు తగ్గట్టు మీ మంజూరైన లోడును కూడా పెంచాలి. 5 కిలోవాట్ల వరకు అవసరమైతే లైను బలోపేతం ఖర్చును డిస్కమే భరించాలి. ఈ సంగతి తెలిసి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ పేరు చెప్పి డబ్బు అడిగేవారికి జవాబు చెప్పగలుగుతారు. 5 కిలోవాట్లు దాటితే సాధారణంగా త్రీఫేజ్ కనెక్షన్ కావలసి వస్తుంది.

ఆమోదం వచ్చాక, పోర్టల్‌లో నమోదైన అమ్మకందారుల్లోంచే ఒకరిని ఎంచుకుని ఒప్పందం రాసుకోవాలి; జాబితాలో లేనివారితో పని చేయిస్తే రాయితీ రాదు. పని పూర్తయిన తర్వాత వివరాలు, ఫొటోలు పోర్టల్‌లో పెడితే డిస్కం సిబ్బంది వచ్చి పరీక్షించి నెట్ మీటరు బిగిస్తారు. ఆ ధ్రువీకరణ పత్రం పోర్టల్‌లో కనిపించగానే రద్దు చేసిన చెక్కుతో బ్యాంకు వివరాలు పెట్టి రాయితీకి దరఖాస్తు చేయండి.

అపార్టుమెంటులో డాబా అందరిదీ కాబట్టి ఒక్క ఫ్లాటు యజమాని తనంత తానుగా ప్యానెళ్లు పెట్టే వీలుండదు. సంఘం తరఫున లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి వాడకానికి పెడితే కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ఉంది.

కోటేషన్‌లో చూడవలసినవి

కనీసం ముగ్గురి దగ్గర కోటేషన్ తీసుకోండి, కానీ చివరి అంకెలు మాత్రమే పోల్చకండి. ప్యానెల్ కంపెనీ, మోడల్, వాట్లు, డీసీఆర్ ధ్రువీకరణ. ఇన్వర్టరు కంపెనీ, వారంటీ. ఫ్రేమ్ ఎత్తు, జింకు పూత మందం. కేబుల్ రాగిదా, ఎంత మందం. నెట్ మీటరు ఖర్చు, డిస్కం రుసుములు అందులో కలిశాయా లేదా, ఇవన్నీ విడివిడిగా రాసి ఉండాలి. "మూడు కిలోవాట్ల సెట్" అని ఒక్క ముక్కలో రాసిన కోటేషన్‌ను పక్కన పెట్టేయండి. "రాయితీ పోను ఇంత" అని మాత్రమే చెప్పేవారినీ, రాయితీ పడగానే తమకు పంపాలని ముందే సంతకం చేసిన చెక్కు అడిగేవారినీ దూరంగా ఉంచండి. డబ్బు విడతలుగా ఇవ్వండి. నెట్ మీటరు బిగించి మొదటి యూనిట్ లెక్కలోకి వచ్చేదాకా కొంత సొమ్ము మీ చేతిలో ఉండాలి.

పని జరిగే రోజు ఇంట్లో ఒకరు డాబా మీదే ఉండండి. ప్రతి ప్యానెల్ వెనకా ఉన్న సీరియల్ నంబరుకు బిగించకముందే ఫొటో తీసుకోండి, ఆ తర్వాత వెనక్కి చేయి పెట్టే వీలుండదు. ఎర్తింగు మూడు గుంతలు తవ్వాలి, ప్యానెళ్ల ఫ్రేమ్‌కు ఒకటి, ఇన్వర్టరు వైపు ఒకటి, పిడుగు నుంచి కాపాడే కడ్డీకి ఒకటి. మట్టి గట్టిగా ఉందన్న సాకుతో మూడింటినీ ఒకే గుంతలో కలిపేస్తామంటే ఒప్పుకోకండి, పిడుగు పడినప్పుడు ఆ విద్యుత్తు ఇంట్లోకి మళ్లే దారి అదే అవుతుంది. ఇన్వర్టరును ఎండ, వాన తగలని చోట, గాలి ఆడే గోడకు పెట్టించండి. కేబుళ్లు డాబా నేల మీద ఈడ్చినట్టు కాకుండా గొట్టంలోంచి వెళ్లాలి. ఫ్రేమ్‌కు ప్లాస్టిక్ తాళ్లతో కట్టిన తీగలు రెండు ఎండాకాలాల్లో తాళ్లు పెళుసెక్కి తెగగానే వేలాడతాయి, కోతులు తిరిగే ఊళ్లో ఆ తీగలు ఎన్నాళ్లో నిలవవు.

పెట్టిన తర్వాత

పథకం నిబంధన ప్రకారం ఐదేళ్ల పాటు నిర్వహణ బాధ్యత అమ్మకందారుదే, కానీ తుడవడం మన పనే. దుమ్ము లేచే నెలల్లో పదిహేను రోజులకోసారి, తెల్లవారుజామున గానీ పొద్దువాలాక గానీ, మెత్తని గుడ్డతో, మామూలు నీళ్లతో కడగండి. మండుటెండలో కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు కొట్టకూడదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఆరిన చోటల్లా తెల్లని మరకలు కడతాయి, కాబట్టి చివర ఒక బక్కెట్టు మంచినీళ్లతో కడిగి రబ్బరు బద్దతో లాగేయండి.

ప్యానెళ్లకు సాధారణంగా 12 ఏళ్ల తయారీ వారంటీ, 25 ఏళ్ల ఉత్పత్తి వారంటీ ఉంటాయి. ఏటా అర శాతం చొప్పున ఉత్పత్తి తగ్గడం సహజమే. ఇన్వర్టరు అంతకాలం రాదు, పది పన్నెండేళ్లకు ఒకసారి మార్చవలసి వస్తుందని అనుకుని దానికి ఇప్పటి నుంచే ఏటా మూడు వేలు పక్కన పెట్టుకుంటే అప్పుడు ఇబ్బంది ఉండదు.

ఇన్వర్టరు యాప్‌లో రోజువారీ ఉత్పత్తి చూడడం అలవాటు చేసుకోండి. మూడు కిలోవాట్ల ప్లాంటు ఎండకాసే మార్చి రోజున 13 నుంచి 15 యూనిట్ల మధ్య చూపించాలి. మబ్బు పట్టిన రోజున అందులో సగమైనా ఆందోళన పడకండి, కానీ ఎండ ఉన్న రోజుల్లోనూ వారం పాటు పదికి మించకపోతే అమ్మకందారును పిలవండి. నెల బిల్లులో గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు, గ్రిడ్‌కు పంపినవి, బిల్లు వేసినవి విడివిడిగా ఉంటాయి; మీటరు మీద కనిపించే అంకెలతో వాటిని సరిచూసుకోండి. పంపిన యూనిట్ల దగ్గర సున్నా ఉంటే మీటరు వివరాలు బిల్లింగులో ఇంకా మారలేదని అర్థం, వెంటనే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, ఏఈ కార్యాలయంలో మీటరు ఫొటోతో రాతపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే ఆ రసీదుతో డిస్కం పరిధిలోని విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు.